మడమ కింద పెడల్

"ఏరా, మడమ కింద పెడల్ లేదా నీ బండికి?"

ట్రాక్టర్ దిగకుండానే అడిగాడు మా బాబాయ్. అప్పటికి గంటన్నర నుంచి నేను తుళ్లూరు వైపు ఒక డొంకలో, మోకాళ్ల దాకా నల్లమట్టి పూసుకుని నిలబడి ఉన్నాను. కార్తీక మాసం. రెండు రోజులు ముసురు పట్టి ఆ పొద్దున్నే తెరిపి ఇచ్చింది. మిరప చేలో మోటారు స్టార్టర్ కాలిపోయిందంటే, కొత్తది బెజవాడలో కొని ఇచ్చిరావడానికి వెళ్లాను. బైకు మీద వెళ్లినా అయిపోయే పని. "థార్ ఉండగా బైకెందుకు" అనుకోవడం దగ్గర మొదలైంది కథ.

నాది 2013 మోడల్ మహీంద్రా థార్ జీపు, సీఆర్‌డీఈ అనే డీజిల్ రకం, సెకండ్ హ్యాండ్. ఎదురుగా వచ్చిన గడ్డి ట్రాక్టరుకి దారి ఇద్దామని ఎడమకి తప్పుకున్నాను. కుడివైపు రెండు చక్రాలూ డొంక మధ్యలో గ్రావెల్ తోలిన గట్టినేల మీద ఉన్నాయి. ఎడమవైపు రెండూ పక్క గాడిలోకి దిగాయి. ఫోర్ లో (నాలుగు చక్రాలకీ బలమిచ్చే తక్కువ వేగపు గేరు) వేసి యాక్సిలరేటర్ తొక్కితే ఎడమ చక్రాలు రెండూ గిర్రున తిరుగుతున్నాయి, మట్టి చిమ్ముతున్నాయి, కిందికి తవ్వుకుంటున్నాయి. కుడి చక్రాలు మాత్రం పెళ్లికి వచ్చిన పెద్దమనుషుల్లా కదలకుండా చూస్తున్నాయి. పేరుకి ఫోర్ బై ఫోర్, తిరిగేవి రెండే. ఆ రెండూ పనికిరాని చోట.

బాబాయ్ గొలుసు వేసి లాగేశాడు, రెండు నిమిషాల పని. లాగేటప్పుడు ఆయన ట్రాక్టర్ వెనక చక్రం ఒకటి కూడా జారింది. ఆయన కిందికి చూడనైనా చూడలేదు. చెప్పులు లేని కుడి కాలి మడమ అలా వెనక్కి జరిగి చిన్న పెడల్‌ని నొక్కింది. జారే చక్రం, జారని చక్రం ఒక్కసారిగా ఒకే వేగంతో తిరిగాయి. నా బండి కదిలింది. గట్టినేల మీదికి రాగానే మడమ లేచింది. అంతే.

ఆ పెడల్ వేసేదే డిఫరెన్షియల్ లాక్, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు. ఆ తర్వాత మూడు నెలలుగా నా థార్‌కి ఏ డిఫరెన్షియల్ లాక్ వేయించాలా అని బుర్ర పాడుచేసుకుంటున్నాను. స్నేహితుల సలహాలు విన్నాను, ఆటోనగర్‌లో తిరిగాను, వీడియోలు చూసి నిద్ర మానుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, సమాధానం ఆ మడమ దగ్గరే ఉంది. మన కృష్ణా గుంటూరు నేలలకి లాక్ అనేది డ్రైవర్ వేస్తే పడాలి, డ్రైవర్ తీస్తే పోవాలి. తనంతట తాను పడే లాక్ నాకొద్దు. ఎందుకొద్దో చెప్పాలంటే అసలు డిఫరెన్షియల్ ఏం చేస్తుందో ఒక్క ముక్క చెప్పుకోవాలి.

ఎడ్లబండికి ఈ గొడవ లేదు. ఇరుసు కదలదు, దాని మీద రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి. బండిని లాగేది ఎడ్లు కాబట్టి చక్రాల పని దొర్లడమే. చిక్కంతా ఇంజన్‌తో చక్రాలనే తిప్పాల్సి వచ్చినప్పుడు మొదలైంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. నా బండికి రెండు చక్రాల మధ్య దూరం సుమారు ఒకటిన్నర మీటరు అనుకుందాం. బెంజ్ సర్కిల్ చుట్టూ ఒక పూర్తి చుట్టు కొడితే బయటి చక్రం లోపలి దానికన్నా దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తుంది. తమాషా ఏమిటంటే, సర్కిల్ ఎంత పెద్దదైనా, మా వీధి చివర వేపచెట్టు చుట్టూ తిరిగినా ఆ తేడా అంతే. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే ఆ తేడా టైరు అరుగుదలగానో, షాఫ్ట్ విరగడంగానో బయటపడుతుంది. 1820ల చివర్లో పెకేర్ అనే ఫ్రెంచ్ ఆయన ఆవిరి బండి కోసం దీనికి గేర్లతో పరిష్కారం కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. ఆ గేర్ల అమరికే డిఫరెన్షియల్. ఇవాళ ఆటోరిక్షా నుంచి లారీ దాకా అన్నిటి కిందా తిరిగేది ఆ ఆలోచనే.

దాని లోపం అర్థం కావాలంటే మళ్లీ ఎడ్లే. కాడిని నొగకి నడుమ కడతాం కదా. రెండు ఎడ్లూ సమానంగా లాగితేనే కాడి నిటారుగా ఉండి బండి నడుస్తుంది. ఒక ఎద్దు కూలబడిందనుకోండి, రెండోది ఎంత గుంజినా కాడి ఆ పక్కకి తిరిగిపోతుందే తప్ప బండికి బలం అందదు. మామూలు డిఫరెన్షియల్ కూడా రెండు పక్కలకీ ఎప్పుడూ సమాన బలమే ఇస్తుంది. బురదలో ఉన్న చక్రానికి పది కిలోల బలం కన్నా పట్టు దొరక్కపోతే, గట్టినేల మీద ఉన్న చక్రానికి అందేదీ ఆ పదే. "పవర్ అంతా జారే చక్రానికి పోతుంది" అని చాలామంది అంటారు. వేగం పోతుంది, బలం కాదు. బలం రెండు పక్కలా సమానంగా దాదాపు సున్నా అవుతుంది. లాక్ చేసే పనల్లా కాడిని నొగకి కదలకుండా బిగించి కట్టేయడమే. అప్పుడు నిలబడ్డ ఎద్దు ఒక్కటే అయినా బండిని ఈడ్చుకుపోతుంది.

ట్రాక్టర్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే కార్ల కంపెనీలు ఈమధ్య కొత్త టెక్నాలజీ అని చెబుతున్న రెండూ దాని మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. ఒకటి ఆ మడమ పెడల్. రెండోది విడివిడి బ్రేకులు. ట్రాక్టర్‌కి కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి బ్రేకు పెడళ్లు ఉంటాయి, రోడ్డెక్కినప్పుడు రెంటినీ కలిపి కొక్కెం వేస్తారు. చేను చివర పొట్టిగా మలుపు తిప్పడానికి లోపలి చక్రం బ్రేకు తొక్కుతారు. జారుతున్న చక్రానికి బ్రేకు వేస్తే రెండో చక్రానికి బలం వెళ్తుందని కూడా రైతులకి తెలుసు. మారుతీ జిమ్నీలో బ్రేక్ ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) అన్నా, కొత్త థార్‌లో బ్రేక్ లాకింగ్ డిఫరెన్షియల్ అన్నా అదే కిటుకు. కాలి బదులు కంప్యూటర్ తొక్కుతుంది.

దీని మీదే నాకూ నా స్నేహితుడికీ వాదన. వాడిది గుంటూరు అరండల్‌పేట, జిమ్నీ వాడుతున్నాడు. "లాకర్లకి లక్షలు తగలేయడం ఎందుకురా, ఎలక్ట్రానిక్స్ చూసుకుంటాయి" అంటాడు. వాడి మాట తీసిపారేయలేను. ఎండాకాలం కృష్ణ ఇసుకలో వాడి 1,200 కిలోల బండి తేలిగ్గా పోయిన చోట నా థార్ రెండుసార్లు కూర్చుంది. కానీ ఆ బ్రేకు పని చేయాలంటే ముందు చక్రం జారాలి, జారినట్టు సెన్సర్‌కి తెలియాలి, అప్పుడు పట్టుకోవాలి. ఆ పట్టుకున్నంత సేపూ ఇంజన్ బలంలో కొంత బ్రేకుల్లో వేడిగా పోతుంది. రాతి మెట్టు ఎక్కేటప్పుడు ఆ అరక్షణం లెక్కలోది కాదు. నల్లరేగడిలో అదే కొంప ముంచుతుంది. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, అంటుకుంటుంది. చక్రం నాలుగు చుట్లు ఉత్తినే తిరిగిందంటే టైరు గాడులన్నీ మట్టితో పూడిపోయి నున్నటి దుంగలా అవుతుంది. ఆ తర్వాత ఏ లాక్ వేసినా ఒక దుంగ బదులు రెండు దుంగలు తిరుగుతాయి.

ఆటోమేటిక్ లాక్‌తో కూడా నాకు పడనిది ఇక్కడే. థార్‌లో 2015 మార్పుల తర్వాత వెనక ఇరుసుకి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చింది, అందరూ ఎంఎల్‌డీ అంటారు. చాలా తెలివైన యంత్రం, ఆ మాట ఒప్పుకోవాలి. వైరు లేదు, గాలి గొట్టం లేదు, స్విచ్ లేదు. రెండు చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రాగానే లోపల చిన్న బరువులు విసురుకి బయటికి విచ్చుకుని కొక్కెం పట్టుకుంటాయి, ప్లేట్లు బిగుసుకుంటాయి, టక్‌మని లాక్ పడుతుంది. బండి గంటకి 30 కిలోమీటర్ల పైన పోతుంటే లాక్ పడకుండా ఇంకో ఏర్పాటు. ఆటోనగర్‌లో అందరూ నాకు చెప్పింది ఇదే. "తర్వాతి మోడల్ థార్‌ది ఎంఎల్‌డీ ఒకటి చూసి పెడతా, వేసుకోండి సార్, ఏ టెన్షనూ ఉండదు" అన్నారు.

ఆ 100 చుట్ల లెక్క ఒకసారి కాగితం మీద పెట్టి చూశాను. నా టైరు 235/70 ఆర్16, ఒక్క చుట్టుకి సుమారు 2.3 మీటర్లు. నిమిషానికి 100 చుట్లంటే గంటకి దాదాపు 14 కిలోమీటర్ల వేగం. అంటే ఒక చక్రం నిలబడి ఉండగా రెండోది 14 కిలోమీటర్ల వేగంతో బురదని చిలికితే గానీ లాక్ పడదు. మా డొంకలో ఆ చిలకడానికే కదా బండి దిగబడింది! బాబాయ్ మడమ మాత్రం జారడం మొదలవగానే, ఒక్కోసారి జారక ముందే, "ఇక్కడ మెత్తగా ఉంది" అని కంటికి కనపడగానే పడుతుంది.

ఇది కూడా సర్దుకుపోదామనుకున్నాను. కాలువ కట్ట సంగతి విన్నాక మనసు విరిగింది.

మన డెల్టాలో బురద ఎక్కడుంటే పక్కనే కాలువ ఉంటుంది. తెనాలి చుట్టుపక్కల కట్టల మీద వానాకాలం నడిపినవాళ్లకి తెలుసు. దారి సమంగా ఉండదు, నీళ్ల వైపు ఏటవాలుగా ఉంటుంది. ఒక పక్క వరి చేలు, ఒక పక్క నిండు కాలువ, మధ్యలో బండి పట్టీపట్టనంత మట్టి దారి. అలాంటి ఏటవాలు మీద మామూలు డిఫరెన్షియల్‌కి ఒక మంచి గుణం ఉంది. ఒక చక్రం జారి తిరుగుతున్నా, తిరగకుండా ఉన్న రెండో చక్రం నేలని పట్టుకుని ఉంటుంది, లంగరులా. బండి ముందుకి పోదు, పక్కకీ పోదు. అదే లాక్ పడితే వెనక చక్రాలు రెండూ ఒకేసారి తిరుగుతాయి, ఒకేసారి పట్టు వదులుతాయి. తిరుగుతున్న టైరుకి పక్కకి జారకుండా ఆపే శక్తి ఉండదు. బండి తోక పల్లం వైపు, అంటే కాలువ వైపు, మెల్లగా జరగడం మొదలుపెడుతుంది.

నాకు తెలిసిన ఒకాయన బండి ఇలాగే జరిగింది. కట్ట మీద జారి, యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కాడట, టక్‌మని ఆటోమేటిక్ లాక్ పడింది, తోక తిరిగింది. గట్టున ఉన్న తుమ్మచెట్టు ఆపింది. "నేను వేయలేదండీ, అదే పడింది" అని ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు. చెట్టుకి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడని కూడా విన్నాను, నిజమో కాదో.

యంత్రం తప్పేం లేదు అక్కడ. ఒక చక్రం జారితే లాక్ వేయమని దానికి నేర్పారు, వేసింది. పక్కన కాలువ ఉందని దానికేం తెలుసు? నాకు తెలుసు. అందుకే నిర్ణయం నా చేతిలో ఉండాలంటున్నాను.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. లిమిటెడ్ స్లిప్ రకాలు, అంటే పూర్తిగా బిగించకుండా జారుడుని కొంత అదుపు చేసేవి, రోడ్డు మీద మర్యాదగా ఉంటాయి, తేలికపాటి జారుడుకి బాగుంటాయి. వాటిలో గేర్లతో పనిచేసే రకం పట్టు తక్కువున్న చక్రం మోసేదానికి రెండు మూడు రెట్ల బలం రెండోదానికి ఇస్తుంది. చక్రం గాల్లో ఉంటే అది మోసేది సున్నా, సున్నాకి మూడు రెట్లు కూడా సున్నాయే. ప్లేట్ల రకం అయితే ప్లేట్లు అరుగుతాయి. ఇక డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు తీసేసి వాటి స్థానంలో కూర్చోబెట్టే చవక ఆటోమేటిక్ లాకర్లు ఉన్నాయి. ఇవి ఎప్పుడూ లాక్ అయ్యే ఉంటాయి, మలుపులో మాత్రమే వదులుతాయి, టకటకమంటూ. వాన పడ్డ తారురోడ్డు మీద, వారధి దిగుతూ మలుపులో ఉండగా అది ఎప్పుడు వదులుతుందో ఎప్పుడు పట్టుకుంటుందో ఆలోచిస్తూ నడపడం నా వల్ల కాదు. ఆటోనగర్‌లో ఒక కుర్ర మెకానిక్ అయితే ఇంకా తేలిక మార్గం చెప్పాడు. "లోపల వెల్డింగ్ కొట్టేద్దాం అన్నా, రెండు వేలతో అయిపోద్ది." అయిపోద్ది, నిజమే. టైర్లూ, షాఫ్టులూ కూడా అయిపోతాయి.

అదే షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు, లారీ ఇరుసు పెట్టెల (హౌసింగుల) పని. ఆయన దగ్గర కూర్చున్న గంట, నేను చూసిన వీడియోలన్నిటికన్నా విలువైనది. బల్ల మీద క్రౌన్ వీల్, అంటే ఇరుసు నడుమ ఉండే పెద్ద పళ్లచక్రం, బిగించి ఉంది. పళ్లకి రంగు పూసి, చేత్తో తిప్పి, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం (పినియన్) పన్ను ఎక్కడ ఒరుసుకుందో చూస్తున్నాడు. రంగు చెదిరిన మచ్చ పన్ను నడుమ పడాలి. అంచుకి పడితే మళ్లీ విప్పి, పల్చటి షిమ్ము రేకు ఒకటి మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ రంగు. నేను చూస్తుండగా నాలుగుసార్లు విప్పాడు. తర్వాత క్రౌన్‌ని బొటనవేలితో అటూ ఇటూ ఆడించి నా వేలు కూడా అక్కడ పెట్టించాడు. "ఈ ఆట తెలుస్తుందా? కాగితం మందం ఉండాల. ఎక్కువైతే గోల చేసుద్ది, తక్కువైతే కాలుద్ది." ఎంఎల్‌డీ అయినా ఎయిర్ లాకర్ (స్విచ్ నొక్కితే గాలి ఒత్తిడితో పడే లాక్) అయినా లోపలి గూడు మొత్తం మారుతుంది, క్రౌన్‌ని దాని మీదికి మార్చి ఇదంతా మొదటి నుంచి సెట్ చేయాలి. కాబట్టి ఏ లాకర్ కొన్నారన్న దానికన్నా ఎవరి చేత వేయించారన్నది తక్కువ విషయమేం కాదు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "బండి ఎక్కడ తిప్పుతావో చెప్పకుండా ఏ సామాను మంచిదని అడిగితే నేనేం చెప్పేది?" నేను కాలువ కట్ట, డొంక, ఇసుక అని చెప్పాను. "అయితే చేత్తో వేసేది పెట్టుకో, వెనక ఒక్కటి చాలు" అన్నాడు.

వెనక ఒక్కటే ఎందుకంటే, ముందు ఇరుసుకి లాక్ వేస్తే స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది, తిప్పిన చక్రం మాట వినదు, ముందు షాఫ్టుల జాయింట్ల మీద భారం పడుతుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండు లాకులూ కంపెనీయే ఇస్తుంది, రెండూ డ్రైవర్ చేత్తో వేసేవే. ఆ బండిని నేను గౌరవిస్తాను. థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో కూడా ఇప్పుడు వెనకది ఎలక్ట్రానిక్ లాక్, స్విచ్‌తో పడేది. కొత్త బండి కొనేవాళ్లకి నా గోల అక్కర్లేదు. ఆ ఒక్క స్విచ్ ఉన్న వేరియంట్ తీసుకుంటే చాలు.

నా స్నేహితుడు ఇంకో ప్రశ్న వేశాడు, దానికి సమాధానం ఆలోచించాల్సి వచ్చింది. "చేత్తో వేసేది అంటున్నావు సరే. తీయడం మర్చిపోతే?" మర్చిపోతాను. హెడ్‌లైట్లు ఆర్పడమే మర్చిపోయే మనిషిని. లాక్‌తో గట్టి రోడ్డెక్కి మలుపు తిప్పితే షాఫ్ట్‌కి గండమే. ఈ విషయంలో ఆటోమేటిక్‌దే పైచేయి, ఒప్పుకుంటున్నాను. కానీ ట్రాక్టర్ పెడల్ మళ్లీ గుర్తొచ్చింది. అది మడమ నొక్కినంత సేపే ఉంటుంది, ఎత్తితే స్ప్రింగు లాగేసుకుంటుంది. బిగుసుకుని రాకపోతే స్టీరింగ్ కాస్త అటూ ఇటూ ఆడించాలి, పళ్లు వదులుతాయి. కాబట్టి నేను పెట్టించే స్విచ్ కూడా అలాంటిదే, నొక్కి పట్టుకుంటేనే గాలి వెళ్లేది. పక్కన ఒక బజర్. పది మంది నవ్వినా సరే.

డబ్బు సంగతి. ఎయిర్ లాకర్, కంప్రెసర్, పెద్దాయన కూలీ కలిపితే లక్ష దాటుతుంది. పాత బండి ఎంఎల్‌డీ అందులో సగం కూడా కాదు. ఇంట్లో ఈ లెక్క ఇంకా పూర్తిగా చెప్పలేదు. ఇంట్లోవాళ్లు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, నాకు నేనే ముందు వేసుకున్నాను: టైర్లు మార్చావా? గాలి తగ్గించడం నేర్చుకున్నావా? కృష్ణ ఇసుకలో నేను కూర్చున్న రెండుసార్లూ టైర్లలో 32 ఉంది. 16కి దించగానే బండి తనంతట తాను బయటికి వచ్చింది, లాక్ లేకుండానే. చేతి గేజీ, చిన్న పంపు, అంతా కలిపి మూడు వేల లోపు. ఇసుక ఒక్కటే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు. డొంకలూ కట్టలూ ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. అన్నట్టు, కొండపల్లి అడవిలోకి బండి తోలే సరదా ఎవరికైనా ఉంటే, అది రిజర్వ్ ఫారెస్ట్. అనుమతి లేకుండా పోయి ఇరుక్కుంటే లాగడానికి మా బాబాయ్ రాడు.

నిన్న ఆటోనగర్ నుంచి ఫోన్ వచ్చింది. తెప్పించబోయే లాకర్ నా షాఫ్టుకి పట్టాలంటే షాఫ్ట్ చివర గాట్లు ఎన్నో తెలియాలట. లెక్కపెట్టి ఫొటో పంపమన్నాడు పెద్దాయన, "నువ్వే లెక్కపెట్టు, రెండుసార్లు లెక్కపెట్టు" అన్నాడు. ఆదివారం వెనక చక్రం విప్పుతున్నాను. జాకీ నాదే, స్టాండ్లు మాత్రం బాబాయ్ ఊరి నుంచి తెస్తానన్నాడు.